కాసులమ్మ కెమెరా

ముంచింగిపుట్టు సంతలో ఇరవై ఏళ్లుగా మిరియాలు కొంటున్నాను. చెప్పిన ధరకి ఏదీ కొన్న పాపాన పోలేదు.

జలపాతం దగ్గర టూరిస్టులకి ఫొటోలు తీసే కాసులమ్మ, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి గిరాకీ పోయిందని, తన పాత కెమెరా తెచ్చి తొమ్మిది వేలంది.

"సార్జింగు నేదు. పనిసేత్తదో సెయ్యదో ఎవుడికి తెలుసు? మా గుంట ముచ్చటపడతంది గాబట్టి నాలుగు వేలిత్తాను," అన్నాను, ఎవరివో మిరియాలు తూస్తూనే.

"సరే సావుకారూ," అంది. వెంటనే కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి కొంగున ముడేసుకుంది.

"అదేటి, కార్డివ్వవా?"

"ఇందులో సంత ఫొటోలున్నాయి. నీ తక్కెడ కాడ సాటుగా తీసిందొకటుంది. ఊర్లో అందరికీ సూపించాల."

తూకం రాళ్లున్న పళ్లెం మీంచి నా బొటనవేలు దానంతటదే లేచింది. కాసులమ్మ చూపు దాని మీదే ఉంది.

"కార్డుతో కలిపి తొమ్మిది వేలూ తీసుకో," అన్నాను.

ఇంటికెళ్లి చార్జింగు పెట్టి చూశాను. నా తక్కెడ ఫొటో నిజంగానే ఉంది. నేను టీకి వెళ్లినట్టున్నాను. పళ్లెంలో ఓ పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది. అంతే.

తర్వాతి సంతకి కాసులమ్మ ఊరి ఆడవాళ్లందరినీ వెంటేసుకొచ్చింది. వాళ్ల మిరియాల బస్తాల ముందు కొత్త ఎలక్ట్రానిక్ కాటా దించింది.

"నీ డబ్బుల్తోనే కొన్నాను. ఇంక దీని మీదే తూకం," అంది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది.

"పిల్లి బాగా పడిందా సావుకారూ?"