ఎల్విరా శాపనార్థం

"నా మిషను మీద కూర్చునేదాని చేతులు పడిపోను," అంది ఎల్విరా, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

పక్క కుర్చీలో ఒఫీలియా కిసుక్కున నవ్వింది. "అదే ఇంగ్లీషులో చెప్పవే. టీచరమ్మ మార్కులేస్తుంది."

క్లాసులో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అందరూ ఒకే ఫ్యాక్టరీలో జీన్సు ప్యాంట్లు కుట్టినవాళ్ళే. అమెరికా సరిహద్దు ఊరు ఎల్ పాసోలో ఆ ఫ్యాక్టరీ మూతపడి, మిషన్లన్నీ లారీలెక్కి వంతెన దాటి మెక్సికోలోని హ్వారెజ్‌కి వెళ్ళిపోయాయి. పని పరదేశం పాలైంది కాబట్టి ప్రభుత్వం భృతి ఇస్తోంది. అదీ ఊరికే కాదు. ఇంగ్లీషు వస్తేనే కొత్త పని దొరుకుతుందని, రోజూ క్లాసుకి రావాలని షరతు పెట్టింది. క్లాసు ఎగ్గొడితే భృతి ఆగిపోతుంది. యాభై దాటిన ఎల్విరా, బడిపిల్లలా పుస్తకం చంకన పెట్టుకుని తిరుగుతోంది.

ఆ పరదేశంలోనే ఆమె తల్లీ, చెల్లెలు ఇర్మా ఉంటారు. తల్లికి చక్కెర జబ్బు. మందుల ఖర్చు ఎల్విరాదే. భృతి ఈ ఎండాకాలంతో సరి. ఆ తర్వాత అమ్మ మందుల గతేమిటన్నదే ఆమె దిగులు.

"పోనీలేవే. అవతల వాళ్ళవీ మనలాంటి బతుకులేగా," అంది ఒఫీలియా.

"నీకేం, ఎన్నైనా చెప్తావు. నువ్వు కుట్టి అలిసిపోయావు. నేను ఇంకా కుట్టేదాన్ని."

ఫ్యాక్టరీలో ఆఖరి రోజు ఒఫీలియాకి గుర్తుంది. తలా ఒకటి జ్ఞాపకానికి తెచ్చుకున్నారు. ఒఫీలియా కత్తెర తెచ్చుకుంది. ఎల్విరా మాత్రం అందరూ వెళ్ళిపోతున్నా తన మిషను మీదికి వంగి చాలాసేపు ఉండిపోయింది. ముద్దు పెట్టుకుని ఏడుస్తోంది కాబోలని ఎవరూ కదిలించలేదు.

టీచరు వచ్చి ఎల్విరా పుస్తకం కేసి చూసి తల ఊపింది. "మళ్ళీ ఆ ఇనపముక్కేనా? పేజీ చిరుగుతుందండీ. గుర్తుకి ఈ అట్టముక్క పెట్టుకోండి."

"అలవాటైపోయింది టీచర్," అని ఎల్విరా పుస్తకం మూసేసింది.

ఆదివారం పొద్దున్నే ఇర్మా వంతెన దాటి అక్క ఇంటికి వచ్చింది. కుడిచేతికి పెద్ద కట్టు.

"చేతికేమైందే?"

"ముందు కాఫీ పొయ్యక్కా. చెప్తాను. తిట్టకూడదు మరి."

ఎల్విరా కాఫీ పోసింది. పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయి చెల్లెలి ఎదురుగా కూర్చుంది. బల్ల మీద పుస్తకాన్ని పక్కకి జరిపింది.

"నాకు పని దొరికింది. నీకు చెప్పలేదు."

"ఎక్కడ?"

ఇర్మా కప్పులోకి చూస్తూ అంది, "ప్యాంట్లు కుట్టేచోట."

ఎల్విరా చెల్లెలి చేతి కట్టు కేసి చూసింది.

"ఎండాకాలం తర్వాత అమ్మ మందులెలాగో అని నువ్వు కుమిలిపోతున్నావుగా. అవి నేను చూసుకుంటే నువ్వు నిశ్చింతగా చదువుకుంటావనుకున్నా. ఆ ప్యాంట్లు ఎవరో ఒకరు కుట్టేవేగా అక్కా. ఆ ఎవరో నేనైతే తప్పా?"

తప్పని ఎలా అంటుంది? ఇన్నాళ్ళూ తన తిట్లన్నీ ఎవరికి తగిలాయో ఎల్విరాకి అర్థమైంది.

"చెయ్యి సంగతి చెప్పు."

"వేల్లో సూది దిగింది, ఎముక దాకా. చీము పట్టింది. ఇక ఈ వేలు వంగదట. వంగని వేలితో కుట్టేదాన్ని ఎవరుంచుకుంటారు? పంపించేశారు. వేడినీళ్ళు పడ్డాయని అమ్మతో చెప్పా. నువ్వు కూడా అదే చెప్పు." కాస్త ఆగి నవ్వబోయింది. "మిషను మంచిదేలే. దాన్నేమీ అనకు. దాని మీద బాల యేసు బొమ్మ కూడా అంటించి ఉంది. రోజూ దణ్ణం పెట్టుకునే మొదలుపెట్టేదాన్ని."

"ఎక్కడుంది బొమ్మ?"

"ఎడంపక్కన, దారం కండె కింద. ఎవరో గోళ్ళరంగుతో కిరీటం ఎర్రగా దిద్దారు."

"నేనే," అంది ఎల్విరా. "అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున దిద్దాను."

ఇర్మా కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే అన్నాళ్ళూ నీ చోట్లోనే కూర్చున్నానా! చూశావా, ఎవరో పరాయివాళ్ళు కాదు."

ఎల్విరా వంటింటి గుడ్డతో మొహం కప్పుకుంది. "తిట్టానే. క్లాసులో అందరి ముందూ తిట్టాను. నా మిషను మీద కూర్చునేదాని చేతులు పడిపోవాలన్నాను. నా నోరు పడిపోను."

"ఊరుకో అక్కా," అంది ఇర్మా, ఎడంచేత్తో అక్క వీపు నిమురుతూ. "నీ తిట్టు వంతెన దాటొచ్చి నా వేలు పొడిచిందా ఏంటి? సూది ముందు చిన్న ఇనప అడ్డొకటి ఉండాలట, వేలు లోపలికి పోకుండా. నా మిషనుకి అది లేదు. లారీలో ఊడిపోయుంటుందన్నాడు మేస్త్రీ. దానికి నువ్వేం చేస్తావు?"

ఎల్విరా మొహం మీంచి గుడ్డ తియ్యలేదు. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు.

"సరే, ఏడుపు చాలుగానీ నీ ఇంగ్లీషు చూపించు," అంది ఇర్మా, మాట మార్చాలని. "ఎంతదాకా వచ్చావో చూస్తాను."

ఎల్విరా గబుక్కున పుస్తకం మీద రెండు అరిచేతులూ వేసింది. "తర్వాత చూద్దువులే."

"నా దగ్గర సిగ్గేంటక్కా." ఇర్మా బాగున్న చేత్తో పుస్తకాన్ని లాక్కుంది. అది గుర్తు పెట్టిన పేజీ దగ్గర దానంతట అదే తెరుచుకుంది.

ఆ ఇనప అడ్డు అక్కడుంది.