పొదలో గురువుగారు

వెతకడం మొదలుపెట్టి మూడు గంటలైంది. బైనాక్యులర్స్ పట్టుకుని లోహిత్ కళ్ళు కాయలు కాచాయి గానీ, ఎదురుగా ఉన్న పొదల్లో మనిషి జాడ లేదు.

"గురువుగారూ! ఉన్నారా, వెళ్ళిపోయారా?"

కెనడాలోని కిచెనర్ ఊరి శివారు చలిగాలి చెవులు కోస్తోంది.

లోహిత్‌కి వారమంతా ఆఫీసులో కోడింగ్, వీకెండ్ వస్తే ఆర్మీ రిజర్వ్. ఆఫీసుకి సెలవు పెట్టి చేరిన స్నైపర్ కోర్సులో సోమవారం చూపు పరీక్ష. గడ్డిలో దాక్కున్న మనిషిని కనిపెట్టాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే కోర్సు నుంచి పంపించేస్తారు.

"కంప్యూటర్ కళ్ళు నీవి," అన్నాడు మొన్న సార్జెంట్. "సైన్యానికి ఈ విద్య మొదట నేర్పిందెవరనుకున్నావ్? వేటగాళ్ళు, అడవి కాపలాదార్లు. అలాంటివాళ్ళెవరైనా ఉంటే వెళ్ళి కాళ్ళు పట్టుకో!"

ఉన్నారు. ఒకప్పుడు జమీందారు వేట అడవిని కాసిన కొమరయ్య దగ్గర పని నేర్చిన గట్టి పిండం. లోహిత్ బతిమాలితే షరతులు పెట్టి మరీ ఒప్పుకున్నారు.

"బరిలోకి దిగాక గురువుగారూ అనే పిలవాలి. పట్టుకోలేకపోతే మధ్యాహ్నం అన్నం లేదు."

పొద్దున్నే ఒళ్ళంతా గడ్డి కట్టుకుని, "వంద లెక్కపెట్టు" అని పొదల్లోకి వెళ్ళారు. అంతే, మాయం.

లోహిత్ బూటుతో నేలను ఒక్క తన్ను తన్నాడు. ఛ! ఏ పొద చూసినా మనిషిలాగే ఉంది, ఒక్కటీ మనిషి కాదు. గురువుగారినే పట్టుకోలేనివాడు రేపు సార్జెంట్ ముందు ఏం వెలగబెడతాడు? ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు గుర్తొచ్చింది, వచ్చేటప్పుడు కారులో గురువుగారు చెప్పిన మాట.

"కొమరయ్య జంతువుని వెతికేవాడు కాదురా. దాని అలవాటుని వెతికేవాడు. కౌజు పిట్ట కావాలా? పొదలన్నీ తొక్కక్కర్లేదు. కౌజులా కూస్తే అదే పలుకుతుంది."

అలవాటు!

లోహిత్ బైనాక్యులర్స్ పక్కన పడేశాడు. గడ్డిపరక ఒకటి తుంచి ముక్కులోకి దూర్చాడు.

"హాఛ్!"

పదడుగుల దూరంలో ఓ పొద "చిరంజీవ, చిరంజీవ! నూరేళ్ళు బతుకు నాయనా!" అనేసి, అంతలోనే నాలిక్కరుచుకుని, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచి లోహిత్ వాళ్ళ అమ్మమ్మ అన్నపూర్ణమ్మ అయింది.