అడ్డం పెట్టిన అరచెయ్యి

పెళ్ళయిన కొత్తలో మేస్త్రి ఒక్క మాట జారాడు. ముప్ఫై ఏళ్ళయినా ఆ మాట ఆయన్ని పీక్కు తింటూనే ఉంది.

ఆయన ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి. మనకి ఒక్క తెలుపు కనబడే చోట ఆయనకి తెలుపుల ఊరేగింపు కనబడుతుంది. నిన్న ఈగ వాలిన గోడ మీద ఇవాళ మరక చూపించగలడు. అలాంటివాడికి కొత్త పెళ్ళాం విరగబడి నవ్వుతూ దొరికింది. మొహంలో మొహం పెట్టి మరీ చూశాడు.

"నీ పళ్ళకి రెండు కోట్లు తెల్లరంగు కొట్టాలే!" అన్నాడు.

టక్కున ఆమె అరచెయ్యి మొహానికి అడ్డం వెళ్ళింది. అంతే, ఆ చెయ్యి మళ్ళీ దిగలేదు.

పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడేటప్పుడు ఆమె నవ్వు వీధి చివరికి వినిపిస్తుంది. మేస్త్రి దగ్గరికొచ్చి "ఏంటే సంగతి?" అన్నాడా, చెయ్యి లేస్తుంది. కూతురి పెళ్ళి ఫొటోలోనూ అంతే. ఆయన పక్కకి వంగి "నవ్వవే" అన్నాడు. ఫొటోలో ఆమె మొహం సగమే పడింది.

'నవ్వు ఊరందరికీ, చెయ్యి నాకూ' అని కుమిలిపోయేవాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత కాలమూ శిక్షే. పోయేలోగా ఆ చెయ్యి లేని నవ్వు ఒక్కటి చూడాలి. అదే ఆయన కోరిక.

చివరికి ఒక పొద్దున స్కూటరు తుడిచాడు.

"పదవే, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం."

ఆమె మొహం చేటంతయింది. "నిజంగానా? ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు!" అని చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి తొడుక్కుని బండెక్కింది.

తీరా అక్కడ "కూర్చో" అని కుర్చీ చూపించాడు.

"ఎవరూ, నేనా?"

"మరి నేనా? నా పళ్ళకేం, రాళ్ళు!"

ఆమె ఉసూరుమంటూ కూర్చుంది. డాక్టరమ్మ మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని, "అయ్యా, మీరు కూడా ఒకసారి..." అనబోయింది.

"ముందు ఆవిడ సంగతి చూడండమ్మా" అనేశాడు.

పళ్ళు తెల్లబడ్డాయి. డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. "ఇప్పుడు పంటి పైపొర సున్నితంగా ఉంటుంది. కాఫీ, టీ, రంగున్నవేవీ వద్దు. పుల్లటిది తింటే వెంటనే బ్రష్ చెయ్యకండి, నీళ్ళు పుక్కిలించండి. పడుకునేముందు ఈ పేస్టు రాసుకోండి, పొర గట్టిపడుతుంది."

"అర్థమైంది. కొత్త గోడ. ఆరేదాకా చెయ్యి వెయ్యకూడదు" అన్నాడు మేస్త్రి.

ఆ రోజు నుంచి కాపలా కుక్క కూడా అంత కాపలా కాయలేదు. కాఫీ డబ్బా అటక మీదికి ఎక్కించి, తనూ మానేశాడు. పాలు, అరటిపండ్లు, గుడ్డులో తెల్లసొన తప్ప ఆమె కంచంలోకి ఇంకో రంగు రానివ్వలేదు. పేస్టు కూడా బ్రష్షు ఎటు తిప్పాలో తనే చెప్పి రాయించాడు, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.

ఒక సాయంత్రం పాలు కాస్తానని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పెరట్లోంచి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే గిన్నె పక్కనే నిలబడి ఏం చేస్తున్నారండీ?"

"టర్పెంటైనుకి నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందిగా! పాలు పోతే పోనీ. ఏదీ, 'ఈ' అను."

ఆమె 'ఈ' అంది. మేస్త్రికి గుండె నిండిపోయింది. ఏ డబ్బాలోనూ దొరకని తెలుపు! ఇంకా దగ్గరికి వంగి, "ఇప్పుడు నవ్వవే" అన్నాడు.

అరచెయ్యి లేచింది.

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. "నా నోరు పడిపోను! ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీ నవ్వుని నా చేతులారా నేనే చంపుకున్నాను."

"ఏ మాటండీ?"

"అదేనే... పళ్ళకి రెండు కోట్లు కొట్టాలన్నాను కదా."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "అన్నారా? నాకు గుర్తే లేదు."

"మరి ఇన్నేళ్ళూ ఆ చెయ్యి?"

ఆమె తల దించుకుంది. తప్పు చేసినదానిలా కొంచెం వెనక్కి, కిటికీ దాకా జరిగి, అప్పుడు చెయ్యి దించింది.

"చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను... నేను అడ్డం పెట్టుకునేది నోటికి కాదండీ, ముక్కుకి."