మొదటి పాఠం

"రైల్వే వర్క్‌షాపులో పోయిన ఇత్తడి ఎక్కడ దాచావు?" మళ్ళీ అదే ప్రశ్న వేశాడు ఇన్‌స్పెక్టర్ రామచంద్రమూర్తి.

"నాను తియ్యలేదు బాబూ."

గొంతు ఎండిపోయి దేముడికి మాట కూడా సరిగ్గా రాలేదు. పొద్దున్నే చొక్కా విప్పించి, బనీనుతో ఈ బల్ల ముందు కూర్చోబెట్టి తలుపు మూశారు. ఇన్‌స్పెక్టరు ఖరగ్‌పూర్‌కి కొత్త. ఒంటిమీద చెయ్యి పడకుండా నిజం రాబట్టే పద్ధతులేవో కలకత్తా ట్రైనింగులో నేర్చుకొచ్చాడట. చెయ్యి వెయ్యలేదు, నిజమే. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు మహానుభావుడు.

బల్ల మీద లాఠీ ఉంది. విశ్వకర్మ పూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు దానిమీద ఇంకా చెరగలేదు. ఆ దెబ్బ ఎలా ఉంటుందో దేముడికి బాగా తెలుసు.

వర్క్‌షాపు మధ్యాహ్నం కూత కూసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వైపు సైకిళ్ళు కదిలిన చప్పుడు. నెలలు నిండిన భార్య సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. తను జైలుకి పోతే దానికి దిక్కెవరు? ఆ తలపుకే ప్రాణం పోయినంత పనయింది.

పక్క లాకప్పులో ఎవరో దగ్గారు.

"విన్నావా? ఫిట్టర్ తవిటయ్య. నిన్ననే ఒప్పుకున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆడు దొంగ బాబూ. నాను కాదు."

"వాడు దొంగని నీకెలా తెలుసు?"

"ఒప్పుకున్నాడు గదా. తియ్యనోడు ఒప్పుకుంటాడేటి?"

ఇన్‌స్పెక్టరు గ్లాసులో నీళ్ళు పోశాడు. "నువ్వూ ఒప్పుకుంటే ఇవి తాగి ఇంటికి పోవచ్చు. లేదా, రాత్రికి ఆ లాకప్పులోనే."

దేముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తీసినాను బాబూ. ఝపటాపూర్‌లో పాతసామాన్ల కొట్టుకి అమ్మేసినాను."

"అయితే నువ్వూ దొంగవే."

"కాదు బాబూ. బయానికి అనేసినాను. పైడితల్లి మీద ఒట్టు."

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసు. మరి తవిటయ్య?"

దేముడు తల తిప్పి గోడ వైపు చూశాడు. గోడ అవతల మళ్ళీ దగ్గు.

ఇన్‌స్పెక్టరు లాఠీ అందుకున్నాడు. దేముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు.

"నేను నేర్పే మొదటి పాఠం ఇదే. ముందు ఆ నీళ్ళు తవిటయ్యకి ఇచ్చి రా" అంటూ లాఠీని దేముడి ఒళ్ళో పెట్టాడు.

నిన్న తవిటయ్యని ఒప్పించిన ఆ లాఠీ కానిస్టేబుల్ దేముడిదే.