ఎడమవైపు అద్దం

ఆ కారు ఎడమ ముందు అద్దానికి ఒకటి కాదు, ఏడు నల్ల ఫిల్ములు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి.

తిలకవతి బ్లేడు మొనతో అంచు లేపి మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. మిగతా అద్దాలకి ఒక్కటీ లేదు. ఫోన్ టార్చి వెలిగించి బయటినుంచి ఆనించి, లోపలికి తొంగిచూసింది. వెలుగు చుక్కంతైనా దాటలేదు.

“ఏంది సార్ ఇది? యాడ వేయించినారు?”

“ఒక్కో షాపులో ఒకటి. ఎనిమిదోది నువ్వు వెయ్యాల.”

లాస్‌పేటలో తండ్రి పెట్టిన ఈ షాపులో ఆమె రకరకాల మనుషుల్ని చూసింది. ఎండ తట్టుకోలేక ఫిల్ము అడిగేవాళ్లు, లోపల ఎవరున్నారో తెలియకూడదని అడిగేవాళ్లు. ఇలాంటి మనిషి మాత్రం రాలేదు. పేరు సుధాకరన్ అన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతున్నాడు.

“నల్లది వేస్తే పోలీసులు మీకు ఫైను వేస్తారు, నా షాపుకి తాళం వేస్తారు. ఎండకైతే పల్చటిది ఉండాది సార్. వేడిని ఆపుతుంది, వెలుగుని ఆపదు.”

“ఎండకి కాదు. ఆ అద్దంలోంచి నాకు బయట ఏదీ కనిపించకూడదు.”

తిలకవతికి నవ్వొచ్చింది. “ఫిల్ము బయటోళ్ల చూపుకి అడ్డం సార్, లోపలోళ్లకి కాదు. మీకు చూడబుద్ధి కాకపోతే తల అటు తిప్పుకుంటే పాయె. దానికి నేనెందుకు?”

“తల తిప్పుకున్నా కనిపిస్తా ఉంటే?”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“వైతికుప్పం మలుపులో స్పీడ్ బ్రేకర్ ఉండాదే, ఆడ కారు నెమ్మది చేస్తానా... ఎడమపక్కకి వచ్చి నిలబడి...” సుధాకరన్ ఆ అద్దం నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“సాయంత్రం అయిదున్నరకా?”

“నీకెట్లా తెలుసు?”

“తెల్లజుట్టు, ఆకుపచ్చ చీర. వంగి లోపలికి చూస్తుంది. అవునా?”

అతను క్షణం తటపటాయించాడు. “ఆమె... అవును, ఆమె ఉంటుంది.”

తిలకవతి గబగబా కారు ముందుకి నడిచి బంపరు తడిమింది. తొమ్మిది నెలలుగా షాపుకొచ్చిన ప్రతి కారుకీ ఆమె చేసే పని అదే. తొమ్మిది నెలల కిందట, సాయంత్రం అయిదున్నరకి, జడివానలో, ఆ మలుపులోనే ఆమె తండ్రి అయ్యాసామిని ఒక కారు గుద్ది చంపేసి ఆగకుండా పోయింది. రోడ్డు మీద కాస్త ఎర్రరంగు పెచ్చు తప్ప పోలీసులకి ఇంకేమీ దొరకలేదు. కేసు మూలపడింది. ఆ కారు నడిపినవాడు దొరక్క ఇంట్లో ఎవరికీ కంటికి కునుకు లేదు.

ఈ కారు తెల్లది. బంపరు మీద గీత కూడా లేదు. ఆమె ఊపిరి వదిలింది.

“దెయ్యమనుకున్నారా సార్? ఆమె మా అమ్మ, అమ్మాయమ్మ. పొద్దున దోసెలు మాడ్చినానని నన్ను చెడామడా తిట్టింది. దెయ్యాలకి దోసెల గొడవ ఎందుకు?” అని, తండ్రి సంగతంతా చెప్పింది. “గుద్దినోడు నా కంట్లోకి చూడలేడు, ఆ మొహం నేను పట్టేస్తానంటుంది. అందుకే రోజూ ఆ వేళకి ఆడ నిలబడి ప్రతి కారులోకీ తొంగి చూస్తుంది. మీ అద్దం మరీ నల్లగా ఉండేసరికి ఇంకా వంగి చూసుంటుంది. తప్పుగా అనుకోకండి.”

సుధాకరన్ మొహంలో నెత్తురు లేదు. “ఆమె ఒక్కతేనా వచ్చేది?”

“ఒక్కతే. తోడొస్తానంటే నన్ను కూడా రానియ్యదు.”

అతను కారెక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

“అయితే అన్నీ తీసెయ్యమ్మా.”

భయం తీరిందిలే అనుకుంది తిలకవతి. పక్క సీట్లోకెక్కి, హీట్ గన్‌తో వేడి గాలి కొట్టి ఒక్కో పొర లాగింది. ఒకటి, రెండు, మూడు. కాలిన చర్మంలా చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గర పడుతున్నాయి. ఏడోది ఊడాక సబ్బునీళ్లు చల్లి జిగురంతా గీకేసింది. అద్దం కొత్తదానిలా మెరిసింది. ఆమె దిగి తలుపు మూసింది.

అప్పుడే షాపు ముందు ఆటో ఆగింది. అన్నం క్యారియర్ పట్టుకుని అమ్మాయమ్మ దిగింది. కారు కనిపించగానే అలవాటు కొద్దీ ఎడమ అద్దం దగ్గరికి వెళ్లి వంగింది.

“అమ్మా, ఈయన మన కస్టమరు. ఇట్లా రా!”

ఆమె వినిపించుకోలేదు. అద్దంలోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుధాకరన్ రెప్ప వెయ్యలేదు. తల దించలేదు. చేతులెత్తి దండం పెట్టాడు.

అమ్మాయమ్మ నడుం పట్టుకుని లేచింది. “ఈయన కాదులేవే. నా కంట్లోకి తిన్నగా చూసినాడు. మంచోడు పాపం. భోంచేసి పొమ్మను.”

అద్దం మెల్లగా కిందికి దిగింది. స్విచ్ నొక్కిన సుధాకరన్ మళ్లీ చేతులు జోడించాడు. చూపు మాత్రం అమ్మాయమ్మ మీద లేదు. ఆమెకి పక్కన, ఎవరూ లేని చోట నిలిచిపోయింది.

“మీ అమ్మని చూసి నేను ఎప్పుడూ భయపడలేదమ్మా,” అన్నాడు. “ఎర్ర కారు అమ్మేసి ఇది కొన్నా వదల్లేదు. ఇప్పుడు ఇక్కడికి కూడా వచ్చినాడు. ఆమె భుజం పట్టుకుని, వానలో తడిసి, నా వైపే వేలు చూపిస్తా ఉండాడు చూడు... ఆయన్ని గుద్దింది నేనే.”