కెమెల్లియా గది

"హీటర్ పెట్టింది ఎవరు?"

సరోజ అరుపుకి ఆఫీసు కాల్‌లో ఉన్న రామ్మోహన్ ఉలిక్కిపడి మైకు మ్యూట్ చేశాడు. ఆమె బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చి భర్త ముందు అరచెయ్యి చాపింది. అందులో కొసలు గులాబీ రంగు తేలిన రెండు మొగ్గలున్నాయి. విచ్చుకోకుండానే రాలిపోయాయి.

"నేను కాదు. అసలు ఇవాళ కిందికే వెళ్లలేదు."

"అయితే ఆ మహాతల్లే."

మహాతల్లి అంటే వర్షిణి. కరీంనగర్ నుంచి వచ్చి, వాళ్ల బేస్‌మెంట్‌లో ఉంటూ కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయి. ఆ ఏడాది వాళ్లుండే మిల్టన్ ఊళ్లో ఎటు చూసినా స్టూడెంట్లే. తలదాచుకోడానికి చోటు దొరకడమే గగనమైపోయింది.

సరోజకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? మోకాలెత్తుకి మించి పెరగని ఆ పొట్టి కెమెల్లియా మొక్కను నర్సరీలో చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. చలికాలంలోనే పూసే రకం. అలాగని కెనడా చలిలో ఆరుబయట పెడితే బతకదు. ఇంట్లో పెడితే ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ వేడికి మొగ్గలన్నీ రాల్చుకుంటుంది. మొదటి ఏడాది హాల్లో పెట్టి ఒక్క పువ్వూ చూడలేదు. మరుసటి ఏడాది గరాజ్‌లో పెడితే కుండీలో మట్టి రాయిలా గడ్డకట్టి, మొక్క దక్కడమే కష్టమైంది.

ఈసారి బేస్‌మెంట్‌లో తూర్పు కిటికీ ఉన్న చిన్న గది దానికి సరిగ్గా కుదిరింది. వేడిగాలి వచ్చే వెంట్ మూసేసి, కిటికీ వేలెడంత తెరిచి ఉంచితే, నీళ్లు గడ్డకట్టవు కానీ ఒళ్లు వణికేంత చలి నిలుస్తుంది. కెమెల్లియాకి కావలసింది అదే. సరోజ ఆ గదికి మొక్క గది అని పేరు కూడా పెట్టేసింది. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువని, బయట మంచు బకెట్‌లోకి ఎత్తుకొచ్చి, కరిగాక ఆ నీళ్లే పోసేది. కన్నబిడ్డకి కూడా ఇంత చాకిరీ చేసి ఉండదు.

పైగా వచ్చే ఆదివారం పూజ వాళ్లింట్లోనే. ధనుర్మాసంలో వారానికి ఒకరింట్లో చేసుకుంటారు. ఎవరింట చూసినా సూపర్‌మార్కెట్ బొకే విప్పి పెట్టిన చామంతులే. పోయిన వారం లక్ష్మీకాంతం గారింట్లో అందరి ముందూ సరోజ గొప్పగా చెప్పింది, "మా ఇంట్లో అమ్మవారికి ఇంట్లో పూసిన పువ్వే పెడతానండీ" అని. లక్ష్మీకాంతం మూతి తిప్పుకుంది. ఇప్పుడు పువ్వు లేకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

సాయంత్రం వర్షిణి కాలేజీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే సరోజ ఎదురెళ్లింది.

"ఆ హీటర్ ఎక్కడిది?"

"ఫ్రెండ్ దగ్గర తెచ్చిన ఆంటీ."

"ఆ గదిలో వేడి తగలకూడదని నీకెన్నిసార్లు చెప్పాను?"

"మస్తు చలి ఉన్నది ఆంటీ అండ్ల."

"చలి ఉండాలనే కదా అలా ఉంచింది. దాన్ని చూసి నువ్వేం జాలిపడక్కర్లేదు. దాని సంగతి నాకు తెలుసు."

వర్షిణి విప్పిన బూట్లు గోడవారగా పెట్టింది. "ఎగ్జామ్ ఉండె ఆంటీ. కొంచెంసేపు పెట్టుకొని చదువుకున్న, అంతే."

"చదువుకోడానికి మీ కాలేజీలో లైబ్రరీ లేదూ? నా మొక్క పక్కనే కూర్చోవాలా?"

"సారీ ఆంటీ. ఆ కిటికీ ఒక్కటన్న బంద్ చేస్తే..."

"కిటికీ మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ఇంకోసారి హీటర్ కనబడిందంటే పెట్టె సర్దుకో. నీలాంటి వాళ్లు రోజూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు."

వర్షిణి మొహం పాలిపోయింది. "ఇప్పుడు ఏడికి పోవాలె ఆంటీ. ఇంక పెట్ట."

ఆ పిల్ల కిందికి వెళ్లాక రామ్మోహన్ గొంతు తగ్గించి, "కొంచెం మెల్లగా చెప్పాల్సింది సరోజా," అన్నాడు.

"మెల్లగా చెబితే వినే రోజులా ఇవి? రాలిన మొగ్గలు మీరు అతికిస్తారా?"

అతను మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయాడు. సరోజ హీటర్ తెచ్చి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. వెంట్ మీద టేపు కూడా అంటించి వచ్చింది.

ఆ వారమంతా వర్షిణి ఇంటి పట్టున ఉన్నది తక్కువ. కాలేజీ అయిపోగానే వేర్‌హౌస్‌లో ఎక్స్‌ట్రా షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంది. హమ్మయ్య, మొక్క జోలికి రావడం తగ్గిందనుకుంది సరోజ. అయినా కోపం చల్లారలేదు. కింద నుంచి దగ్గు వినిపించినప్పుడల్లా ఒళ్లు మండేది. తడి జుట్టుతో బయట తిరిగితే దగ్గు రాక ఏమొస్తుంది, ఈ కాలం పిల్లలకి ఒంటి మీద శ్రద్ధే లేదని కూర తరుగుతూ సణుక్కునేది.

ఆదివారం పొద్దున కిందికి వెళ్లి చూస్తే మిగిలిన మొగ్గలన్నీ విచ్చుకుని ఉన్నాయి. లేత గులాబీ రేకులు, నడుమ పసుపుపచ్చ కేసరాలు. భార్యాభర్తలిద్దరూ కుండీని జాగ్రత్తగా పైకి మోసుకొచ్చి అమ్మవారి పక్కన పెట్టారు. వచ్చినవాళ్లంతా ఫోన్లు తీసి ఫొటోల మీద పడ్డారు. సరోజకి చాలారోజుల తరవాత మనసు కుదుటపడింది.

లక్ష్మీకాంతం రేకు పట్టుకుని మరీ చూసింది. "నిజం పువ్వే. మా ఇంట్లో ఇలాంటివి బతకవండీ. ఏ మూల పెట్టినా వేడే."

"వేడి అసలు తగలకూడదండీ," అని సరోజ మొదలుపెట్టి వెంట్ మూయడం, కిటికీ తెరవడం, మంచు కరిగించడం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

"అయితే ఈ మొక్క కోసం ఒక గది మొత్తం ఖాళీగా వదిలేశారా? చాలా పెద్ద మనసండీ మీది."

సరోజ ఆమె చేతికి చక్రపొంగలి అందిస్తూ నవ్వింది.

"ఖాళీగా ఎందుకండీ, వర్షిణికి అద్దెకిచ్చాంగా."