నాలుగు వేళ్ళ లూజు

"పది మీటర్ల ఐదు సెంటీమీటర్లు. సాయం రాదమ్మా," అన్నాడు సర్వేయరు, ఇంటి గోడకు వీపు ఆనించి నిలబడే.

టైలరు భార్య ఒక్క అంగలో అతని ముందుకు వచ్చింది. సముద్రం గట్టును కోసుకుంటూ ఇంటి మీదికి వస్తోంది. గోడ నుంచి గట్టు అంచుకు పది మీటర్ల లోపు ఉంటే, వెనక్కి వెళ్ళి వేరే ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బిస్తుంది. వేలెడు ఎక్కువున్నా పైసా ఇవ్వదు. నిన్న సాయంత్రం ఆవిడ మొగుడి బట్టల టేపుతోనే ముక్కలు ముక్కలుగా కొలిచి చూసుకుంది. తొమ్మిది మీటర్ల తొంభై ఏడు వచ్చింది. రాత్రికి రాత్రి సముద్రం జాలిపడి వెనక్కి తగ్గిందా ఏమిటి?

"మళ్ళీ కొలవండి సారూ. మీ టేపులో ఏదో తేడా ఉంది."

"ప్రభుత్వం టేపమ్మా ఇది."

"అయితే మీరే సరిగ్గా చూళ్ళేదు."

"ఈ చివర నేను చూశాను. ఆ చివర పట్టుకుంది మీ ఆయనే కదా!"

అదీ నిజమే. సర్వేయరు గట్టు వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. వచ్చినప్పటి నుంచి గోడను బల్లిలా కరుచుకునే ఉన్నాడు. కూర్చోమని కుర్చీ వేస్తే దాన్నీ గోడకు జరుపుకున్నాడు. మెడలో వేలాడే సంచీ కింద పెట్టమంటే పెట్టలేదు. "అంచు దాకా మీరు వెళ్ళండి, నాకు కళ్ళు తిరుగుతాయి," అని టేపు కొసను టైలరు చేతికిచ్చాడు. అప్పుడు ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మన చేతిలో పడింది, ఇంక భయం లేదనుకుంది.

ఇప్పుడు మొగుడి వైపు తిరిగింది. టైలరు ఇంకా గట్టు అంచునే వంగి ఉన్నాడు, చేతిలో టేపు కొసతో, ముఖంలో పని చక్కగా చేసినవాడి తృప్తితో.

"ఏమండీ, టేపు ఎక్కడ పట్టుకున్నారు?"

"అంచు దగ్గరే."

"సరిగ్గా అంచు మీదేనా?"

"అంచుకి నాలుగు వేళ్ళు అవతల."

"ఎందుకూ?"

టైలరు ఆవిడను వింతగా చూశాడు. "ఎందుకేమిటే? ముప్పై ఏళ్ళ నుంచి కొలతలు తీస్తున్నాను. కొలిచిన కాడికి కత్తిరించేస్తే రేపు బిగుతైనప్పుడు ఏం చేస్తాం? నాలుగు వేళ్ళు వదలొద్దూ?"

"ఇదేమన్నా చొక్కానా! రేపు ఈ నేలకి పొట్టొస్తుందా? రోజురోజుకీ చిక్కి సగమైపోతుంటే, దీనికి లూజు వదుల్తారా మీరు!"

టైలరు తన చేతి వంక చూసుకున్నాడు. నాలుగు వేళ్ళూ ఇంకా సముద్రం మీద గాలిలోనే ఉన్నాయి. "చేతికి అలవాటైపోయిందే," అంటూ దోషిలా వెనక్కి వచ్చాడు.

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కుట్టుమిషన్ పెట్టుకున్న గది గట్టు వైపే ఉంది. పోతే ముందు పోయేది అదే. అది పోయాక వాళ్ళిద్దరూ ఎక్కడుంటారు, ఏం తింటారు?

"విన్నారుగా సారూ! ఆ నాలుగు వేళ్ళూ తీసేసి రాయండి."

"విన్నానమ్మా. కానీ ఒకసారి ఫారంలో రాశాక కొట్టివేతలు కుదరవు. ఐదు సెంటీమీటర్లైనా ఐదు మీటర్లైనా ఎక్కువంటే ఎక్కువే."

టైలరు గొంతు సవరించుకున్నాడు. "సారూ, మీ ప్యాంటు నడుం దగ్గర బాగా వదులుగా ఉంది. ఇలా ఇస్తే పది నిమిషాల్లో పట్టేస్తాను."

"లంచమా?"

"అయ్యో, కాదు సారూ! చూళ్ళేక."

"ఇంకా ఆ లూజు గొడవేనా మీకు!" అని భార్య నెత్తి కొట్టుకుంది.

సర్వేయరు బెల్టు ఒక రంధ్రం బిగించుకుని, ఫారం ఆవిడ చేతిలో పెట్టాడు. "అభ్యంతరం ఉంటే అర్జీ రాసుకోండి. ముప్పై రోజుల్లోపు మా ఆఫీసులో ఇవ్వాలి."

"ముప్పై రోజులా! ఈలోపు మా ఇల్లే వెళ్ళి సముద్రానికి అర్జీ పెట్టుకుంటుంది."

ఆవిడ ఫారం వంక చూసింది. కాగితం చెమ్మగా ఉంది. పైన అచ్చువేసిన ఆఫీసు చిరునామా మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

"కొట్టివేతలు కుదరవన్నారు. మరి ఇదేంటి? ఇంతకీ మీ ఆఫీసు ఎక్కడ?"

సర్వేయరు సంచీ పట్టీ సర్దుకున్నాడు. "మొన్న బుధవారం దాకా లైట్‌హౌస్ పక్కన ఉండేదమ్మా."

"ఇప్పుడో?"

అతను గడ్డంతో సముద్రం వైపు చూపించి, మెడలో సంచీని రెండు చేతులా పొదువుకున్నాడు. "మిగిలిన ఆఫీసంతా ఇందులోనే ఉంది."

టైలరు నోరు తెరిచాడు. భార్య మాత్రం ఊరుకోలేదు. "ఊరందరికీ సాయం పంచే ఆఫీసు! ముందు మీ ఆఫీసుకే ఇచ్చుకోలేకపోయారా?"

"పెట్టుకున్నామమ్మా. మూడు సెంటీమీటర్లు ఎక్కువుందని రాలేదు."

"అంత కచ్చితంగా కొలిచిన మహానుభావుడెవరో!"

సర్వేయరు ఆవిడ చేతిలోని ఫారం తీసుకుని నిలువునా చించేశాడు. సంచీలోంచి కొత్త ఫారం బయటికి తీశాడు. టేపు కొసను టైలరు అందుకోబోతే చేయి పక్కకు తప్పించి, అతని భార్యకు ఇచ్చాడు.

"కొలిచింది నేనేనమ్మా. ఈసారి ఆ చివర మీరు పట్టుకోండి."